ఇంట్లో పాడకూడని వరస

పోయిన శుక్రవారం పొద్దున షట్టరు సగం లేపానో లేదో, పాలు పోసే ఆవిడ మా షాపు ముందు సైకిలు ఆపి, "అక్కా, వెనకింటి అవ్వ పిలిస్తే పలకలేదు. కుర్చీలో కూర్చునే ఉండాది. ఒక తూరి రాండి" అంది. తాళంచెవులు గల్లాపెట్టె మీదే పడేసి పరిగెత్తాను. అవ్వ వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు, దాని మీద మూత. తాగలేదు. చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది.

ఉన్నమాట చెప్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. అవ్వ నాకొక సంగతి అప్పజెప్పింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఇద్దరం కలిసి దాన్ని దాచాం. ఇప్పుడు మద్రాసులో ఉన్న ఆమె మనవడికి నేనే ఫోను చెయ్యాలి. వాడు వస్తాడు, ఇంటినిండా జనం చేరతారు, ఎవరి నోటినుంచి ఏమి జారుతుందో తెలియదు. అడ్డం పడడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

అవ్వ గురించి ఇక్కడి మన తెలుగువాళ్ళ పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. నేను కోయంబత్తూరు పక్కన పోదనూరులో రైల్వే క్వార్టర్సు వెనక వీధిలో మ్యాచింగ్ సెంటరు నడుపుకుంటున్నాను. జాకెట్టు గుడ్డలు, లైనింగు, ఫాల్సు, ఇదే నా లోకం. గిరాకీ లేనప్పుడు ఫోనులో టైపు చేస్తున్నాను. మధ్యలో ఎవరైనా వచ్చి అరమీటరు లైనింగు అడిగితే మాట తెగుతుంది, సర్దుకుని చదవండి.

అవ్వ నాకు చుట్టం కాదు. మా షాపు వెనకగోడ, ఆమె ఇంటి పక్కగోడ ఒకటే. అంతే సంబంధం. కానీ నేను షాపు పెట్టిన కొత్తల్లో, నాకు ఈ వ్యాపారంలో ఓనమాలు తెలియనప్పుడు, రంగు చూడడం నేర్పింది ఆమె. చీర కొంగు తెచ్చి దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ అడిగేది. నేను ట్యూబులైటు కింద పెట్టి, "సరిగ్గా కలిసిపోయింది అవ్వా" అనేదాన్ని.

"నీ లైటుని నమ్మి గుడ్డ కొనేదానికి నాకేమి పిచ్చా?" అనేది. "పెండ్లిచూపులకి వచ్చిన అత్తమాదిరి, నీ లైటు అందురినీ మంచిగానే చూపిస్తాది. ఎండలోకి తీసుకోనిరా."

ఎండలోకి తీసుకెళ్తే తేడా తెలిసిపోయేది. మెరూను అనుకున్నది ఇటుకరంగు. ఇప్పటికీ నా షాపులో గుడ్డ కోసే ముందు గుమ్మం బయటికి తీసుకెళ్ళి చూపిస్తాను. కొత్త గిరాకీలు నవ్వుకుంటారు. తిరిగొచ్చి గొడవ పెట్టుకునేవాళ్ళు మాత్రం లేరు. ఆ లాభమంతా అవ్వ చలవే.

కత్తిరించగా మిగిలిన పీలికలు ఒక సంచిలో వేసి ఆమెకి ఇచ్చేదాన్ని. వాటితో బొంతలు కుట్టేది. వీధిలో ఏ బిడ్డ పుట్టినా ఆ బిడ్డకి అవ్వ బొంత ఒకటి. కుడుతున్నప్పుడు పాడదు, కూనిరాగమైనా తియ్యదు. పాటగాడి అవ్వ అయ్యుండి ఇంత మౌనమేంటని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. "వాడు నా వంతు కూడా అరస్తా ఉండాడు కదా, చాలు" అనేది.

మనవడి సంగతి చెప్పాలి. అవ్వకి ఒక్కతే కూతురు. ఆ కూతురు కామెర్లతో పోయింది. అప్పటికి ఈ పిల్లవాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. వాళ్ళ నాయన తిరుప్పూరులో ఇంకో సంసారం పెట్టుకుని అటే ఉండిపోయాడు. పెంచిందంతా అవ్వ. వాడు ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చెయ్యకుండా గిటారు పట్టుకున్నాడు. సినిమాకి పాడడు, కచేరీలూ చెయ్యడు. తానే రాసుకుని, తానే వరస కట్టుకుని, ఫోనులో రికార్డు చేసి నెట్లో పెట్టేవాడు. ఇండీ అంటారట. అప్పటి పాటలన్నీ డాబా మీద పాడినవే. వాటర్ ట్యాంకరు రాని రోజు మీద ఒక పాట, మూసేసిన మిల్లు ముందు ఇంకా కూర్చునే వాచ్‌మన్ మీద ఒక పాట. సగం అరవం, సగం మాటమాటకీ అరవం 'దా' తగిలించే మన ఇంటి తెలుగు. వెనకాల కాకులు, కుక్కర్ విజిళ్ళు, అన్నీ వినపడేవి. ఒకదాంట్లో నేను సేల్స్‌మన్‌తో గట్టిగా బేరమాడుతున్నది కూడా పడింది. గుడ్డల భాషలో చెప్పాలంటే అవి కోరా గుడ్డలు. గరుకుగా ఉంటాయి కానీ నేత కనపడుతుంది.

తర్వాత వాడి పాట మారింది. మద్రాసులో స్టూడియో, వయొలిన్లు, వేణువు, గొంతు చుట్టూ పొగమంచులాంటి ఒక సద్దు. ఫోటోలు కూడా పాత ఆల్బంలోవాటిలా పసుపు రంగులో పెట్టడం మొదలుపెట్టాడు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డలాగా ముడత అన్నది లేదు. డాబా పాటలు ఇష్టపడినవాళ్ళు కింద కామెంట్లలో తిట్టిపోశారు. "తంబీ, నువ్వు కూడా అమ్ముడుపోయినావా?" అని ఒకడు రాశాడు. వాడు షాపుకి వచ్చినప్పుడు నేనూ అడిగాను.

"ఏం తంబీ, ముందరి పాటల్లో నా బేరమైనా వినపడేది. ఇప్పుడు ఒక కాకి కూడా లేదే?"

వాడు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఒక వరస తలకాయలో ఉండాది. అవ్వ ఒళ్ళో పండుకోని విన్నది. మాటలు ఏమీ గ్యాపకం లేదు, వరస మాత్రందా. అంత మెత్తగా నేను మళ్ళా యాడా వినలే. ఇన్ని దినాలు గిటారు పట్టుకోని అరిచిందంతా దాన్ని వెతికేదానికే. అరిస్తే అది రాదక్కా. దానికి వయొలిన్‌దా కావాల. బాగా నున్నగా చేస్తేదా అది దొరకతాది."

అలా వచ్చిందే మీ అందరికీ తెలిసిన ఆ పాట. వరస ఆ చిన్ననాటిది, మాటలు వాడు కట్టుకున్నవి. అవ్వ చీర వాసన, కిరసనాయిలు స్టవ్వు, క్వార్టర్సు గోడల మీద మధ్యాహ్నపు ఎండ. నేను ఇక్కడ పాట పేరు రాయను. సీమంతం వీడియోల్లో అదే, టీ బంకులో అదే, ఫోను మోగితే అదే. చంటిబిడ్డలున్న ఇళ్ళలో మరీను. ఆ పాట పెడితే ఎంత మొండి బిడ్డయినా నిద్రపోతాడని పేరు పడిపోయింది.

ఆ రోజుల్లోనే అవ్వకి ఒక కొత్త అలవాటు కనిపించింది. షాపులో కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, బయట కొళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి ఉమ్మి వచ్చేది. ఆమెకి తాంబూలం అలవాటు లేదు. పన్ను నొప్పేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం పక్క టీ బంకులో ఆ పాట మొదలైంది. అవ్వ చేతిలో సూది అలాగే ఆగిపోయింది. లేచి కొళాయి దగ్గరికి పోయింది. తిరిగి వస్తే చెంగు తడిసి ఉంది.

"అవ్వా, పన్ను చూపించుకోరాదా?" అన్నాను.

ఆమె గుమ్మం బయటే నిలబడి అటూ ఇటూ చూసింది. "పన్ను కాదు పాపా. ఆ పాట చావు వరస."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మన ఆడవాళ్ళు చావింట కూర్చుని పాడే వరస ఒకటి ఉండేదట. పాడిన నోటితో ఇంట్లోకి రాకూడదు. వాకిట్లోనే పసుపునీళ్ళతో పుక్కిలించి ఉమ్మి, అప్పుడు గడప దాటాలి. మనుషులు బతికున్న ఇంట్లో ఆ వరస ఊరికే కూడా ఎత్తకూడదు, ఎత్తితే అది ఎవరినో ఒకరిని వెతుక్కుంటుందని నమ్మకం. ఇప్పుడెవరు పాడుతున్నారు? ఫ్రీజరు పెట్టె వస్తుంది, డప్పులవాళ్ళని మాట్లాడతాం, అయిపోతుంది. నా చెవిన ఆ వరస ఎప్పుడూ పడలేదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోగా చివరికి ఇద్దరే మిగిలారట, అవ్వ ఒకతి, కారమడైలో ఉన్న ఆమె చెల్లెలు ఒకతి.

"మరి మనవడికి ఎట్లా తెలిసింది?" అన్నాను.

"వాళ్ళమ్మ పోయిన పొద్దు నేను పాడినాను. వాడు నా ఒళ్ళోనే ఉన్నాడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "వానికి తల్లి మొగము గ్యాపకం లేదు. నాయన ఉండీ లేనోడు. చిన్నప్పటిది అని వాని దగ్గిర ఉండే మంచి గ్యాపకం ఇది ఒకటేదా. అది వాళ్ళమ్మ పీనుగు ముందర కూర్చోని పాడిన పాట అని తెలిస్తే, వాడు దేన్ని పట్టుకోని నిలస్తాడు? నువ్వు యా దినమూ చెప్పగూడదు. నా తలమీద చెయ్యి పెట్టు."

పెట్టాను. తల వెంట్రుకలు తడిగా, చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం నా చేతినుంచి కొన్నాళ్ళు పోలేదు.

అక్కడినుంచి ఆ పాట ఎక్కడ వినపడినా చేతిలో పని వదిలి లేచి పక్కకి పోయేదాన్ని. నేను మూఢనమ్మకాల మనిషిని కాదు. శనివారం కూడా కొత్త సరుకు దించుకుంటాను. అయినా నా కూతురు పురిటికి వచ్చి, చీర ఊయలలో నా మనవరాలిని పడుకోబెట్టి, ఫోనులో ఆ పాట పెట్టినప్పుడు ఆపమనడానికి ఏమి సాకు చెప్పాలా అని వెతుక్కున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ బొంత పట్టుకుని వచ్చింది. గడప బయటే ఆగిపోయింది.

"అవ్వా, రాండి, మీ మనవడే జోల పాడతా ఉండాడు" అంది నా కూతురు. "రాయల్టీ అడిగేదానికి వచ్చినారా ఏమి?"

"దాన్ని ఆపు కన్నూ."

"ఎందుకు అవ్వా? ఇప్పుడేదా కన్ను మూస్తా ఉండాది."

'కన్ను మూస్తా ఉండాది' అన్న మాటకి అవ్వ గోడ పట్టుకుంది. బొంత నా చేతికిచ్చి లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. నేను ఫోను లాక్కుని ఆపేశాను. బిడ్డ కెవ్వుమంది. నా కూతురు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ సాయంత్రం బిడ్డకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, పాలు పట్టడం లేదు. డాక్టరు దగ్గరికి ఆటోలో పోతుంటే, నమ్మండి, ఆ ఆటో అతను కూడా అదే పాట పెట్టాడు. ఆపమని అరిచాను. "ఏంక్కా, మంచి పాట కదా" అన్నాడు. ఊరంతా తిరుగుతున్న జ్వరమేనని డాక్టరు చెప్పాడు, మందిచ్చాడు, తగ్గింది. తగ్గేదాకా అవ్వ మా గుమ్మం ముందునుంచి కదల్లేదు, లోపలికీ రాలేదు. బిడ్డ నవ్విందని నేను చెప్పాక, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ నమ్మకంలో నిజం ఉందో లేదో నేను తేల్చుకోలేను. కానీ ఆ ముసలామె ఆ పాట వినపడిన ప్రతి ఇంటికోసం, మొహం తెలియని బిడ్డలకోసం కూడా వణికిపోయేదని నాకు తెలుసు. తన మనవడు నున్నగా, అందంగా చేసి ఊరిమీదికి వదిలింది ఆమెకి పాటలా లేదు, నోట్లో ఉమ్మకుండా మిగిలిపోయిన చావులా ఉంది.

భయం అక్కడితో ఆగలేదు. మనవడికి కోయంబత్తూరులో పెద్ద షో ఒకటి కుదిరింది. తీపి కబురన్నట్టు పరిగెత్తుకొచ్చాడు. ఆ పాట వచ్చేసరికి అవ్వని స్టేజీ మీదికి పిలిచి, అసలు వరస ఆమె గొంతుతో పాడించాలని వాడి ఆశ. మేం ముగ్గురం అవ్వ ఇంట్లో ఉన్నాం.

"ఒక నిముషం పాడు అవ్వా. చాలు. నువ్వు పాడినాక వెనకాల వయొలిన్లు వస్తాయి. జనం ఏడస్తారు చూడు."

"నాకు పాటలేమి తెలుసు సామీ."

"నువ్వు పాడిందేదా అవ్వా. నీ ఒళ్ళో పండుకోని ఉంటే పాడలే? ఇట్ల..." అని వరస ఎత్తుకోబోయాడు.

నేను చేతిలో ఉన్న స్టీలు గిన్నె కింద పడేశాను. ఇంకేమీ తోచలేదు. అది దొర్లి ఆగేలోపల అవ్వ, "నాకు గ్యాపకం లేదు" అంది.

"ఏంది గ్యాపకం లేదు?"

"పాట. ఏ పాటో. నాకు ఇప్పుడిప్పుడు ఏమీ గ్యాపకం ఉండడం లే సామీ."

వాడి మొహం చూడాలి మీరు. పాట సంగతి పోయి, అవ్వకి ఏమైందోనన్న భయం పట్టుకుంది వాడికి. మరుసటి రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, నన్నూ తోడు రమ్మన్నాడు. ఇది ఏ నెల, ఇంటినుంచి ఆస్పత్రికి ఎట్లా వచ్చారు, అని డాక్టరు అడిగాడు. అవ్వ తడుముకుంటూ ఒకటి తప్పు చెప్తుంది, ఒకటి ఒప్పు చెప్తుంది. అంతా తప్పు చెప్తే నాటకం బయటపడుతుందని ఆమె లెక్క. బయటికొచ్చాక వాడు మందుల షాపుకి పోయినప్పుడు నాతో మెల్లిగా, "ఆ డాక్టరు కుడిచెయ్యి గుండీ తప్పుగా పెట్టుకోని ఉన్నాడు, చూసినావా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అప్పటినుంచి మతిమరుపు ఆమె వేసుకున్న వేషం. వీధిలోవాళ్ళ ముందు పేర్లు మార్చి పిలిచేది. నా షాపుకి వచ్చి, కొన్న గుడ్డనే మళ్ళీ అడిగేది, మనవడు పక్కన ఉంటే. వాడు లేనప్పుడు మాత్రం పదేళ్ళ కిందటి నా చీర అంచు రంగు కూడా చెప్పేది. వీధి పిల్లలు వెక్కిరించినా ఊరుకుంది. ఒకసారి నేను ఆగలేక, "ఇంత అవసరమా అవ్వా? అందరూ నిన్ను మతి పోయినదానికింద జమకట్టేస్తున్నారు" అన్నాను.

"పోతే పోనీ. వాని మతి బాగుంటే చాలు" అంది. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. అది మాత్రం వేషం కాదు, కళ్ళు నిజంగా ఆనడం లేదు.

వాడు షోలో ఆమెని పిలవలేదు. కానీ ఆ తర్వాత వాడి పాటలన్నీ ఇంకా పాతబడ్డాయి, ఇంకా మెత్తబడ్డాయి. ఎక్కడో మాట్లాడుతూ, "మా అవ్వకి అన్నీ మరిచిపోతా ఉండాయి, ఆమె బదులు నేను గ్యాపకం పెట్టుకుంటా ఉండా" అన్నాడట. నా కూతురు ఆ వీడియో అవ్వకి చూపించింది. అవ్వ ఫోను అద్దం మీద వాడి చెంప నిమిరి, "ఎవురీ పిల్లగాడు? బాగుండాడే" అంది. నా కూతురు కళ్ళు తుడుచుకుంది. నేను గుడ్డలు మడత పెడుతూ తల ఎత్తలేదు.

ఆమె పోయిన శుక్రవారానికే మళ్ళీ వస్తాను. మధ్యాహ్నానికి మనవడు వచ్చాడు, వాడి బ్యాండులో పిల్లలు కూడా. ఫ్రీజరు పెట్టె హాల్లో పెట్టాం. వాడు పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కాసేపటికి వాడి స్నేహితుడు ఒకడు, మంచి మనసుతోనే, చిన్న స్పీకరు తెచ్చి అవ్వ తలవైపు పెట్టి ఆ పాట పెట్టాడు. "అవ్వ నేర్పిన జోల కదా, ఆమెకే వినిపిద్దాం" అన్నాడు. వయొలిన్లు మొదలయ్యాయి. చుట్టూ ఉన్న ఆడపిల్లలందరికీ వచ్చిన పాటే, సన్నగా పెదాలు కలిపారు. చావు వరస చావింటికి వచ్చింది, ఆ సంగతి తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది. కారమడై నుంచి అవ్వ చెల్లెలు. ఆమె కర్ర పట్టుకుని దిగింది, నేను ఎదురు పరిగెత్తి చెవి దగ్గర, "అమ్మా, లోపల వినపడేది ఏ పాటో చెప్పకండి, మనవడికి తెలియదు" అన్నాను. ఆమెకి చెవులు సరిగ్గా వినపడవు. ఆ సంగతి నాకు తెలియదు.

"ఏమ్మా? గట్టిగా చెప్పు."

గట్టిగా ఎట్లా చెప్పను? చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని లోపలికి పోయి, స్పీకరు దగ్గరికి వంగి చెవి పెట్టింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత చెవులు వినపడనివాళ్ళు మాట్లాడే గొంతుతో, ఇల్లంతా వినపడేట్టు, "పరవాలేదే, మన చావు వరస ఇంకా ఉండాదే! ఎవురు పాడతా ఉండారు?" అంది.

పెదాలు కలిపిన ఆడపిల్లలు ఆగిపోయారు. నా కూతురు నన్ను చూసింది. మనవడు తల ఎత్తాడు.

"చావు వరసా?" అన్నాడు.

"ఆమా సామీ. మీ అమ్మకి పాడిందిదా ఇది."

నేను గోడకి ఆనుకున్నాను. ఇన్నేళ్ళు ఒక మనిషి మతి లేనిదన్న పేరు కూడా మోసి కాపాడిన గుట్టు, ఇంకా ఆమెని సాగనంపకముందే, ఆమె తల దగ్గరే రట్టయిపోయింది. వాడు స్పీకరు ఆపాడు. ఇంట్లో ఫ్రీజరు మోటారు సద్దు మాత్రమే. వాడు నావైపు తిరిగి, "అక్కా, నీకు తెలుసునా?" అన్నాడు. తల ఊపాను. "అవ్వకి మతిమరుపు లేదు తంబీ. ఒక్క రోజు కూడా లేదు" అన్నాను. వాడు అవ్వ చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వాడి గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది.

"నేను జోల అనుకుంటిని అవ్వా. అంత మెత్తగా ఉన్నింది. అంతా నా పిచ్చేనా?"

వాడి పెదాలు చూసి ఆమెకి అర్థమైంది. కర్ర పక్కన పెట్టింది. "పిచ్చి ఏమి లేదు. ఆ వరస మెత్తగా పాడేది కాదు సామీ. గొంతు చించుకోని, ఎద కొట్టుకోని పాడేది. నాలుగు వీధులు వినాల. మీ అమ్మ పోయిన పొద్దు మేమంతా అట్ల ఎత్తుకుంటిమి. మా అక్క అడ్డం పడింది. 'నా బిడ్డ ఇప్పుడేదా పండినాడు, లేపొద్దండి' అనింది. కడుపున పుట్టిన కూతురు ముందర ఉంటే గొంతు ఎత్తకుండా, నిన్ను ఊపతా, ఊపతా, నీకు మాత్రం వినపడేట్టు పాడింది. చావిండ్లల్లో ఎవురూ అట్ల పాడి నేను చూడలే. పెద్దోళ్ళు తిట్టినారు, మెత్తగా పాడితే పోయినోళ్ళకి వినపడదని. 'దానికి వినపడకపోతే పోనీ, వీడు నిద్రపోవాల' అనింది."

అవ్వ నాకు ఇది చెప్పలేదు. ఆమెకి అది చెప్పుకోదగిన సంగతిగా తోచి ఉండదు. ఎంతసేపూ పాట చావుదన్న భయమే. వాడు ఇన్నేళ్ళు స్టూడియోల్లో వెతికిన ఆ మెత్తదనం మాత్రం నిజంగా వాడికోసం పాడిందే. ఆ మాట ఆమె ఉండగా నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

"గట్టిగా ఎట్ల పాడాల?" అన్నాడు వాడు చివరికి.

ముసలామె పెట్టె మీద చెయ్యి వేసి ఎత్తుకుంది. అదే వరస. కానీ అది నేను విన్న పాట కాదు. గొంతు కోస్తున్నట్టుంది. "నన్ను విడిచి ఏ వాకిటికి పోతివే అక్కా" అని ఆమె అంటే, మా ఆడవాళ్ళు ఒక్కొక్కరే కలిశారు. మాటలు తెలియవు, వరస మాత్రం అందరికీ వచ్చు, వాడి పుణ్యమా అని. నా కూతురు ఎద మీద చెయ్యి వేసుకుంది. నేనూ ఎత్తుకున్నాను. మనవడు మాత్రం పాడలేదు, నోరు తెరిచి ఏడ్చాడు, వాడి ఏ పాటలోనూ లేని గొంతుతో.

అవ్వ ఇంటి పెరట్లోంచి చూస్తే పట్టాలు దగ్గరే. గాలికోసం నేను పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. సిగ్నల్ లేక ఒక ప్యాసింజరు బండి వచ్చి ఆగి ఉంది. బోగీల్లో జనం కిటికీలకి మొహాలు ఆనించి మా ఇంటివైపు చూస్తున్నారు. ఒక కిటికీ దగ్గర ఒకామె, నా కూతురి వయసుంటుందేమో, భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. ఆమె మా ఏడుపు వింటూనే, మావైపు చూస్తూనే, ఆ బిడ్డ చెవి మీద అరచెయ్యి మెల్లగా అడ్డం పెట్టింది. బండి కదిలిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.